తరుగు

ఆ హారం గురించి ఎవరైనా అడిగితే
ఇప్పటికీ ఇస్త్రీపెట్టె వైపు చూస్తూనే చెబుతాను.
సాల్మియాలో స్టూడియో వెనకగది,
హ్యాంగర్లకి నలభై పాతకాలపు జరీ గౌన్లు,
వాటి మధ్య నేను,
బందరు చిలకలపూడి నాంచారమ్మని.
ఇక్కడ పిలిచే పేరు నాన్సీ.

రంజాను నెల సీరియలు. ముత్యాల పడవల కాలం కథ.
సరంగు పెళ్ళాం ఉమ్ జాసిం మెడలో ఒక హారం ఉండాలట.
అద్దెకిస్తానన్న బంగారాన్ని
కాపలా మనిషి లేకుండా పంపనన్నాడు కొట్టాయన.
డైరెక్టరు అరుపులు. లైట్ల వేడి.
మేకప్ సామియా చుట్టూ చూసి చూసి
నా మెడ దగ్గర ఆగింది.

అది మా నాన్న చేతి గిల్టు.
రాగిరేకు మీద బంగారు పొర అంటించి, కాచి, కత్తిరించి,
ఒక్కో వేపాకుకీ ఈనెలు గీసేవాడు.
పులుసునీళ్ళలో నాని ఆయన గోళ్ళు ఎప్పుడూ పచ్చగా ఉండేవి.
విమానం ఎక్కే ముందురోజు రాత్రి నా చేతిలో పెట్టి
"పోయినా ఏడవకు, అందుకే రాగి" అన్నాడు.

ఆయన చేసిన ఆకులు పదకొండు.
ఆ రోజుకి ఉన్నవి పది.
ఎడమ పక్క మూడోది లేదు, అక్కడ
తీగ కొస వంకర తిరిగి గుచ్చుకుంటుంది.

జుట్టుతో కప్పేద్దామన్నారు ముందు.
కెమెరా అతను వద్దన్నాడు, ఆ ఖాళీయే బాగుందన్నాడు.
రచయిత తెల్లారేసరికి రాసుకొచ్చాడు:
సరంగు సముద్రానికి పోతూ ఒక ఆకు తెంపుకుని
తలపాగా మడతలో దాచుకున్నాడట,
తిరిగొచ్చి అతికిస్తానన్నాడట.
ముప్ఫై రాత్రులు ఉమ్ జాసిం
ఆ ఖాళీలో బొటనవేలు పెట్టి అలల వంక చూసింది.
ఆ బొటనవేలికి కువైటంతా ఏడ్చింది.
పక్క గదిలో గౌన్లు మడతపెడుతూ, సిగ్గు లేకుండా, నేనూ.

జరిగింది వేరే.
జహ్రాలో నా మొదటి ఇల్లు. పోయిన గాజు వెతుకుతూ
మేడం మెట్ల మీద నా హారం పట్టుకుంది.
నేను వెనక్కి లాగాను.
ఆకు ఆమె పిడికిట్లో మిగిలింది.
దాన్ని బజారుకి పంపి గీటురాయి మీద గీయించింది.
రాగి అన్నాడట.
ఇంటిల్లిపాదీ నవ్వారు. నేనూ నవ్వాను,
రెండు నెలల జీతం రావాలి మరి.
గాజు వాషింగ్ మెషీను రబ్బరు మడతలో దొరికింది.
ఆకు నాది, ఇవ్వండి అనడానికి
నాకప్పటికి అరబ్బీ అంత రాదు.

ఇది సామియాకి కూడా చెప్పలేదు.

షూటింగు అయ్యాక హారం నిర్మాత అద్దాల బీరువాలోకి వెళ్ళింది.
నాకు పదిహేను దినార్లు, ఒక కాగితం మీద వేలిముద్ర.
సంతకం వచ్చంటే వినలేదు.

పండగయిన శుక్రవారం ముబారకియా వెళ్ళాను.
బంగారు కొట్టు అద్దం వెనక, వరసగా
నా హారాలు ఆరు.
ఇరవై ఒక్క క్యారెట్లు.
మలబారు కుర్రాడు ట్రే దించబోయి
నా చెప్పులు చూసి ఒక క్షణం ఆగి, సరే దించాడు.
లెక్కపెట్టాను. పది.
ఎడమ పక్క మూడోది లేదు.
ఆ తీగ కొస కూడా,
నేను వెనక్కి లాగినప్పుడు తిరిగిన ఆ వంకర కూడా,
ఎవరో కంసాలి భూతద్దం పెట్టుకుని
అసలు బంగారంలో అచ్చంగా వంచాడు.
వేలు పెట్టి చూశాను. గుచ్చుకోలేదు.
కొస అరగదీశారు.

ధర అడిగాను, ఊరికే.
బరువు, మజూరీ, తరుగు,
కాలిక్యులేటరు నా వైపు తిప్పాడు.
ఒక ఆకు తక్కువే కదా, తరుగు కూడా తగ్గాలి కదా అన్నాను.
లేని ఆకుకే పనెక్కువ అన్నాడు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను,
నీ హారాన్ని ఇక్కడ బంగారంతో పోస్తున్నారని.
కాసేపు మాట లేదు. దగ్గు. మళ్ళీ మాట లేదు.

"పదకొండూ పోస్తున్నారా?"

ఆఁ నాన్నా, అన్నాను.
పదకొండూ.